కట్టుడుపళ్ళ బండి

వీధిలో అందరూ అతన్ని పళ్ళాయన అనేవారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ మాట విని, అరటిపళ్ళు డజను ఎంత అని అడుగుతూ గుమ్మం దాకా వచ్చిన రోజులున్నాయి. లోపలికి తొంగిచూస్తే అల్మారా నిండా తెల్లటి ప్లాస్టరు దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని కనిపించేవి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయేవారు.

అతను చేసేది కట్టుడుపళ్ళు. ఊళ్ళో ఉన్న నలుగురు పంటి డాక్టర్లూ మనుషుల నోళ్ళ అచ్చులు తీసి అతనికి పంపిస్తారు. అతను వాటిలో ప్లాస్టరు పోసి దవడలు తీస్తాడు, మైనంతో చిగుళ్ళు కడతాడు, పళ్ళు ఒక్కొక్కటీ నిలబెడతాడు, ఉడికించి, అరగదీసి, మెరుగుపెట్టి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతమీద పేరు రాసి సైకిలు మీద పట్టుకెళ్ళి ఇచ్చి వస్తాడు. నలభై ఆరేళ్ళ మనిషి. ఎవరు ఎదురుపడినా కళ్ళలోకి చూడడు, నోట్లోకి చూస్తాడు. ఊళ్ళో సగంమంది నోళ్ళలో పళ్ళు పెట్టాడు గాని, తన నోట్లో నాలుక లేదని భార్య అనేది. ఆమె నీటిపన్ను కట్టించుకునే ఆఫీసులో, కిటికీ వెనక కూర్చునే గుమస్తా. రోజూ మూడువందలమందితో మాట్లాడి వస్తుంది కాబట్టి, ఇంట్లో ఆయన మాట్లాడకపోవడం ఆమెకు పెద్ద ఇబ్బందిగా ఉండేది కాదు.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. కూతురి దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. వచ్చిన నెలలోనే ఆమె పాత పళ్ళసెట్టు కుళాయి దగ్గర కడుగుతుంటే జారి, సిమెంటు గట్టు మీద పడి రెండు ముక్కలైంది. ఈసారి పడినా పగలకుండా లోపల లోహపు పలక వేసి కొత్తది చేసిస్తానని అల్లుడు ఆ రోజే మాటిచ్చాడు. ఆవిడ నోటి అచ్చు తీసి, దానికి కావలసిన లోహపు బిళ్ళలు కూడా తెప్పించి ఒక రేకుడబ్బాలో విడిగా పెట్టాడు. కానీ ఇంట్లోవాళ్ళ పని ఎప్పుడైనా అవుతుంది, బయటివాళ్ళ పని ఇవాళే అవ్వాలి. అలా రెండేళ్ళు గడిచాయి. పెద్దావిడ మెత్తగా ఉడికినవి తింటూ, అల్లుడి అల్మారాలో తన దవడ ఎన్నో వరసలో ఉందో రోజూ ఒకసారి చూసి వెళ్ళేది.

మోటారుసైకిలు మీద అతనికి ఇరవయ్యో ఏటి నుంచే కోరిక. కానీ పెళ్ళి అనీ, ఇల్లు అనీ, కొలిమి యంత్రం అనీ ఏదో ఒకటి అడ్డుపడుతూనే వచ్చింది. తర్వాత కోరిక కూడా అలవాటైపోయి, కాళ్ళనొప్పిలాగా అప్పుడప్పుడూ గుర్తొచ్చేది.

అలా ఉండగా ఒక రిటైరైన సర్వేయరుగారికి సెట్టు చేసే పని వచ్చింది. ఆయన మోకాళ్ళు వంగక ఇల్లు కదలలేడు. అచ్చు డాక్టరుగారు తీసిచ్చి, మిగతా పనీ కూలీ మీరూ మీరూ చూసుకోండని వదిలేశాడు. పళ్ళాయన మైనపు దిమ్మె పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాడు. పైదవడా కిందిదవడా ఎలా కలుస్తున్నాయో తెలియాలంటే ఆ మైనం కొరికించి చూడాలి. కొరకండి, అలాగే పట్టుకోండి, కదలకండి అని చెప్పి, మైనం గట్టిపడేదాకా ఊరికే కూర్చోలేక కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. రేకుల షెడ్డు కింద, గోనెసంచుల గుట్ట లోంచి, ఒక హ్యాండిలు బయటికి పొడుచుకుని ఉంది.

"బండా అండీ అది?" అన్నాడు.

సర్వేయరుగారు మైనం కొరికిపట్టుకునే తలాడించాడు.

"నడిచి ఎన్నేళ్ళయింది?"

"మ్మ్... మ్మూ...డు" అన్నాడాయన.

మూడేళ్ళంటే పెద్ద లెక్కలోది కాదనుకున్నాడు పళ్ళాయన. మైనం తీశాక, నోరు శుభ్రంగా కడుక్కున్నాక, సర్వేయరుగారే కదిపాడు. ఆ బండి మీద తను మూడుసార్లు పడ్డాడట. మూడోసారి పడ్డాక భార్య తాళంచెవి తీసి బావిలో వేసిందట. ఇప్పుడు భార్యా లేదు, బావీ పూడ్చేశారు. నీకు కావాలంటే పళ్ళ కూలీకి బదులు బండి పట్టుకుపో అన్నాడు. ఒక్క సెట్టు పళ్ళకు ఒక మోటారుసైకిలు. పళ్ళాయనకు ఆ పూట సైకిలు తొక్కుకుంటూ ఇంటికెలా వచ్చాడో తెలియలేదు. ఆ సెట్టు చేసినంత శ్రద్ధగా అతను ఇంకే సెట్టూ చేయలేదు.

పదిరోజుల తర్వాత ఒక తోపుడుబండి మాట్లాడుకుని, సెట్టు జేబులో పెట్టుకుని వెళ్ళాడు. పళ్ళు సర్వేయరుగారి నోట్లో అతికినట్టు కూర్చున్నాయి. ఆయన అద్దం ముందు నిలబడి, ఎన్నాళ్ళుగానో పలకని అక్షరాలన్నీ పలికి చూసుకున్నాడు.

"ఎంత స్పష్టంగా వస్తోందో చూడు నాయనా. తద్దినం. దాదాపు. పద, మూడు. పదమూడు. పదమూడేళ్ళయింది కదూ అది కదిలి."

"మూడేళ్ళన్నారు కదండీ."

"మూడెందుకంటాను? పదమూడు. అప్పుడు నోట్లో నీ మైనం ఉంది."

అతను చేసిన పళ్ళే అతని ముందు నిలబడి నిజం చెప్పాయి. ఇక వెనక్కి పోవడానికి లేదు. బయట తోపుడుబండివాడు ఆలస్యమవుతోందని అప్పటికే రెండుసార్లు దగ్గాడు.

గోనెసంచులు తీస్తే అసలు రూపం బయటపడింది. ముందుచక్రం ఊచల మధ్యనుంచి తీగ అల్లుకుని షెడ్డు కప్పు దాకా పోయింది. దాన్ని కొడవలితో కోస్తే గాని బండి ఊడిరాలేదు. సీటులో ఎలుకలు మూడుతరాలుగా కాపురముంటున్నాయి. దీపం గిన్నెలో కందిరీగల పాతగూడు. పొగగొట్టం వంచితే దోసెడు వేరుశనగ తొక్కలు రాలాయి. ముగ్గురు పట్టుకుని ఎక్కిస్తే తోపుడుబండి కుయ్యిమంది. నాలుగువీధులు తోసినవాడు మలుపు దగ్గర తనంతట తనే కుడివైపు తిప్పాడు. ఎటు అంటే, పాత ఇనుము కొట్టు ఇటే కదండీ అన్నాడు. కాదు, ఇంటికి అని చెప్పడానికి పళ్ళాయనకు కాస్త గొంతు సవరించుకోవలసి వచ్చింది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన భార్య, ముందుగదిలో పనిబల్లకు ఆనించి ఉన్న దాన్ని చెప్పులు విప్పకుండానే కాసేపు చూసింది.

"ఇది ఎక్కడ పడుకుంటుంది?" అంది.

"ఇక్కడే" అన్నాడు.

ఆ తర్వాత ఆ బండి గురించి ఆమె మళ్ళీ మాట్లాడలేదు. ఆమె కోప్పడితే పోనీలే అనుకోవచ్చు, సాయంత్రానికి చల్లారిపోతుంది. కోప్పడకపోతేనే అతనికి అన్నం సయించేది కాదు. అత్తగారు మాత్రం కర్ర ఊతంగా వచ్చి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, అల్మారాలో దవడలవైపు ఒకసారి చూసింది.

"దీనికెన్నో నంబరిచ్చారు బాబూ? నా తర్వాతేగా?"

అతను నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి చేతనైన విద్య.

బండి విప్పడం మొదలుపెట్టాక అతనికి ఒక సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ తను చేస్తున్న పనికీ దీనికీ పెద్ద తేడా లేదు. విప్పాలి, కడగాలి, ఎక్కడ అరిగిందో చూడాలి, అరిగినచోట కట్టాలి. పళ్ళు మెరుగుపెట్టే చక్రం మీద తుప్పుపట్టిన దీపంగిన్నె పెడితే, మూడోపూటకు అందులో తన మొహం కనపడింది. పెట్రోలు ట్యాంకులో గుప్పెడు కంకర పోసి, మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను ఊపినట్టు రెండు రోజులు ఊపితే లోపలి తుప్పంతా రాలింది. తాళంచెవి లేక పగలగొట్టిన స్విచ్చు పెట్టె, వెనకదీపం బుడ్డి, పక్కరేకు మూల, ఇలాంటివన్నీ తన దగ్గర దండిగా ఉన్న ఒకే ఒక్క పదార్థంతో అతికించాడు. అది చిగుళ్ళు చేసే గులాబీరంగు రెసిను. అందులో సన్నటి ఎర్రనరాలు కూడా ఉంటాయి. నల్లటి బండి మీద అక్కడక్కడా నోరు తెరిచినట్టు ఎర్రటి అతుకులు. రంగు వేసి కప్పెయ్యొచ్చు గాని, ఆ నరాలు అంత సహజంగా వచ్చాక కప్పెయ్యడానికి అతనికి మనసొప్పలేదు.

విప్పిన మరలన్నీ కలిసిపోకుండా, పళ్ళు పెట్టే డబ్బాల్లోనే వేసి మూతల మీద పేర్లు రాశాడు. కొంప ముంచింది అదే. ఒక మంగళవారం పెద్దడాక్టరుగారి దగ్గరనుంచి ఫోను వచ్చింది. ఒక పెద్దమనిషి, మనవరాలి పెళ్ళికి కొత్తపళ్ళతో వెళ్ళాలని ముస్తాబై వచ్చి కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నాడట. డాక్టరుగారు డబ్బా మూత తీస్తే లోపల స్పార్కుప్లగ్గు ఉందట. దీన్ని పైదవడకు పెట్టమంటావా కిందిదవడకా అని డాక్టరుగారు చాలా మర్యాదగా అడిగాడు. పళ్ళాయన సైకిలెక్కి పరుగున మెకానిక్కు షాపుకు వెళ్ళాడు. అక్కడ అందరూ బాబాయి అని పిలిచే మెకానిక్కు, ప్లగ్గు శుభ్రం చేయమని పొద్దున ఇచ్చి వెళ్ళిన డబ్బాను బల్లమీద దూరంగా పెట్టి, దానికి వీపు తిప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"తీసుకుపో అబ్బాయ్. పొద్దుట్నుంచీ నన్ను చూసి ఇకిలిస్తోంది" అన్నాడు.

ఆ మెకానిక్కుకు అరవై దాటాయి. అలాంటి పాతబండ్ల రహస్యాలు తెలిసినవాడు చుట్టుపక్కల అతనొక్కడే. పట్టేసిన ఇంజనులో డీజిలు పోసి, వారంరోజులు దాని జోలికి పోవద్దని చెప్పింది అతనే. తొమ్మిదోరోజు వచ్చి, చక్రం తిప్పితే లోపల పిస్టను మూలిగి కదిలింది. బండి నిండా ఉన్న గులాబీ అతుకులు చూసి, ఇంత ముసలిదానికి చిగుళ్ళు ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో అన్నాడు. ఆ పూట పళ్ళాయన భార్య ఇంట్లోనే ఉంది. ఇద్దరికీ టీ ఇచ్చి, గ్లాసులు తీసుకోవడానికని గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

అన్నీ బిగించాక కిక్కు కొడితే కర్రుమని జారిపోయింది. ఇంకోసారి కొడితే మళ్ళీ కర్రు. బాబాయి పక్కమూత విప్పి, అరచేతిలో పట్టేంత చక్రం ఒకటి బయటికి తీసి, నూనె తుడిచి వెలుతురుకు పట్టాడు.

"ఇదీ సంగతి. దీని పళ్ళు ఊడిపోయాయి. ఉన్నవీ అరిగిపోయాయి. ఈ పళ్ళు ఇప్పుడు ఎక్కడా దొరకవు."

పళ్ళాయన మెల్లిగా తలెత్తాడు. "ఏంటి దొరకవు?"

"పళ్ళు."

"ఎవరితో అంటున్నావు బాబాయ్ ఆ మాట?"

బాబాయికి అప్పుడు వెలిగింది. అయినా ఇది ఇనుము, నోరు కాదు, తిక్కవేషాలు వేయకు, తోసి స్టార్టు చేసుకుంటూ బతుకు వెళ్ళదీయి అని మంచిమాట చెప్పి వెళ్ళాడు. పళ్ళాయన చెవికి ఎక్కలేదు. ఇరవైరెండు పళ్ళలో ఆరు లేవు, ముందువరసలో మూడు జంటలు. ఇంతకన్నా అధ్వాన్నమైన నోళ్ళు ఎన్ని చూడలేదు. బాగున్న పంటిని కొలిచి, లేనిచోట్ల మైనంతో అలాంటివే నిలబెట్టాడు, మొత్తానికి అచ్చు తీశాడు. ఇక పోతపోయడానికి గట్టిలోహం కావాలి. ఇంట్లో గట్టిలోహం అంటూ ఉన్నది ఒక్క రేకుడబ్బాలోనే. సగం తీసుకుంటే ఆవిడ పలకకు సగం మిగులుతుందిలే అని తనకు తనే చెప్పుకున్నాడు.

మొదటి పోత చల్లారేసరికి ముడుచుకుపోయింది. జోడీ చక్రానికి ఆనించి తిప్పితే, బక్కచిక్కినవాడి నోట్లో పాతసెట్టులాగా కటకటలాడింది. రెండురోజులు ఆ డబ్బా వైపు చూడకుండా తిరిగాడు. మూడోరోజు మిగిలిన సగమూ కొలిమిలో పడింది.

ఈసారి ముడతకు తగ్గట్టు అచ్చు పెద్దది చేశాడు. వచ్చిన చక్రాన్ని మెరుగుపెట్టి, దాని జోడీ చక్రంతో కలిపి, మధ్యన నీలంకాగితం పెట్టాడు. మనుషుల పళ్ళు ఎక్కడ ఎక్కువ తగులుతున్నాయో చూసే కాగితం అది. అలవాటుపడ్డ నోరు ఊరుకోదు కాబట్టి, కొరకండి, ఆఁ, మెల్లిగా, ఇప్పుడు నమలండి అని తనలో తనే అనుకుంటూ, నీలం మచ్చ పడినచోటల్లా వెంట్రుకవాసి చొప్పున అరగదీశాడు. సాయంత్రానికి బిగించి కిక్కు కొట్టాడు. ఏడో కిక్కుకు బండి ఒక్కసారి తుమ్మి, గదినిండా నీలంపొగ కక్కి, అందుకుంది. అల్మారాలో నలభై దవడలూ ఒక్కసారిగా టకటకలాడాయి. పళ్ళాయన హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కళ్ళనీళ్ళు పొగవల్ల అని చెప్పుకున్నాడు, ఎవరూ అడగకపోయినా.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర సంగతి చెప్పక తప్పలేదు. ఆదివారం, ముగ్గురూ ఉన్నారు. అత్తగారు ఎప్పటిలాగే పక్కకు తిరిగి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని తింటోంది. అత్తయ్యా, మీ పలక కోసం ఉంచిన లోహం అయిపోయిందని మొదలుపెట్టి, నత్తినత్తిగా మొత్తం చెప్పాడు. ఎక్కడెక్కడో తిరిగి చివరికి అది చక్రంగా మారిన చోట ఆగాడు. పెద్దావిడ ముద్ద మింగి, నీళ్ళు తాగింది.

"అంటే నా పళ్ళతో అది నములుతోందన్నమాట."

"అవునత్తయ్యా."

"బాగా నములుతోందా?"

"బాగానే నములుతోంది."

"అయితే ముందు నన్నెక్కించి తిప్పండి. నా పళ్ళు నాకంటే ముందు ఊరు చూడ్డమేంటి?"

ఇద్దరూ పడితే ఆసుపత్రికి ఎవరొస్తారని కూతురు అడిగింది గాని, పెద్దావిడ అప్పటికే ఏ చీర కట్టుకోవాలో లెక్కలు వేసుకుంటోంది.

అప్పుడు తేలిన ఇంకో విషయం ఏమిటంటే పళ్ళాయనకు బండి నడపడం రాదు. ఇన్ని నెలల్లో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, అతనితో సహా. నాలుగురోజులు తెల్లవారగానే బడి మైదానంలో మెకానిక్కు బాబాయి నేర్పాడు. ఆ పాతబండికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. ఎడమచేతికి క్లచ్చు, కుడిచేతికి ముందుబ్రేకు. నాలుగోరోజుకు మైదానం చుట్టూ పడకుండా ఆరుచుట్లు వేశాడు. ఇక నా దగ్గరున్న విద్యంతా అయిపోయిందని బాబాయి అతన్ని వదిలిపెట్టాడు.

ఐదోరోజు పొద్దున అత్తగారు ఇస్త్రీచీర కట్టుకుని, కర్ర కూతురి చేతికిచ్చి, అల్లుడి భుజం పట్టుకుని వెనక ఒకపక్కకు కూర్చుంది. వీధి చివరిదాకా బాగానే పోయారు. కూరల కొట్టు దాటారు, మందుల షాపు దాటారు. పెద్దావిడ తెలిసినవాళ్ళు కనపడినచోటల్లా మెల్లిగా పోనివ్వమని చెప్పి చెయ్యి ఊపింది. పల్లం రోడ్డు మొదలైనచోట, కట్టుబడి జరుగుతున్న ఇంటి ముందు, రోడ్డులో సగందాకా ఇసుక గుట్ట పోసి ఉంది. ముప్పయ్యేళ్ళు సైకిలు తొక్కినవాడి చేతులకు ప్రమాదం కనపడితే తెలిసింది ఒకటే పని. రెండుచేతులా రెండు పిడులూ బిగించి పట్టుకున్నాడు. సైకిలుకైతే అవి రెండూ బ్రేకులే. ఇక్కడ ఎడమది క్లచ్చు. ఇంజను పట్టు వదిలేసింది, పదమూడేళ్ళు పనిచేయని ముందుబ్రేకు ఏదో మొహమాటానికి పట్టింది. బండి పల్లంలో హాయిగా జారుకుంటూ పోయి, ఇసుకగుట్టలోకి ముక్కు దూర్చి, మెల్లిగా పక్కకు పడుకుంది.

దెబ్బలేమీ తగల్లేదు. అతను లేచి, అత్తయ్యా అంటూ అటు తిరిగాడు. పెద్దావిడ ఇసుకలో చక్కగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక, చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, బోసినోరు బార్లా తెరిచి నవ్వుతోంది.

అతను రోజుకు పది నోళ్ళు చూస్తాడు. ఈ నోరు మాత్రం రెండేళ్ళుగా చూడలేదు. ఆవిడ చూడనివ్వలేదు, తను చూడాలనుకోలేదు. పైచిగురు కుడివైపున బాగా కుంగిపోయింది, పెదవి లోపలికి పోయింది. ఆలస్యం చేసినకొద్దీ ఎముక అరుగుతుందని ఊరందరికీ చెప్పే మనిషి తనే.

"లేపండి బాబూ. అలా చూస్తారేంటి?" అంది ఆవిడ, చెయ్యి నోటిమీదికి తెచ్చుకుంటూ.

ఆ రోజే డాక్టర్లందరికీ ఫోను చేసి వారంపాటు పని పంపొద్దన్నాడు. పాత అచ్చు పనికిరాదు, కొత్తది తీశాడు. లోహం మళ్ళీ తెప్పించేదాకా ఆగకుండా ఉత్త రెసినుతోనే చేశాడు. కింద పడేసుకోకండి, పడేసుకుంటే ఇంకోటి చేస్తాను అన్నాడు. మైనంలో పళ్ళు నిలబెట్టి చూపిస్తే, ఆవిడ చాలాసేపు అద్దంలో చూసుకుని, ముందుపళ్ళు రెండూ మరీ తిన్నగా ఉన్నాయనీ, తన సొంతపళ్ళలో ఎడమది కాస్త కుడిదాని మీదికి ఎక్కి ఉండేదనీ చెప్పింది. అలాగే ఎక్కించాడు. తొమ్మిదోరోజు పళ్ళు పెట్టుకుని, మొట్టమొదట వేరుశనగ గింజలు దోసెడు తెప్పించుకుని, గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటే నమిలింది. వీధినపోయేవాళ్ళు పలకరిస్తే జవాబు చెప్పలేదు, పనిలో ఉంది కాబట్టి.

బండి తర్వాత బాగానే నడిచింది. ఎండాకాలం ఐదో కిక్కుకు, వానాకాలం పదో కిక్కుకు అందుకునేది. నాలుగువీధుల అవతలనుంచే చప్పుడు విని డాక్టర్లు, నీ పళ్ళు వచ్చేస్తున్నాయి, నోరు కడుక్కో అని పేషెంట్లకు చెప్పేవారు. భార్య మాత్రం దాన్ని ఎక్కలేదు, ఎక్కమని అతనూ అనలేదు. ఆమె బస్సు ఆమెది.

ఒక సోమవారం పొద్దున ముసురు పట్టింది. బస్సులు రాలేదు. ఆమె గొడుగు వేసుకుని వెళ్ళి, అరగంటకు తడిసి తిరిగొచ్చి, టిఫిను డబ్బా గట్టున పెట్టి, పదండి అంది. అతను బండి బయటికి తీశాడు. సగందూరం పోయాక, వంతెన ఎక్కేచోట, వాననీళ్ళు ప్లగ్గులోకి పోయి బండి ఆగిపోయింది. పన్నెండు కిక్కులు కొట్టాడు. పదమూడోది కొట్టబోతుంటే ఆమె దిగింది. ఇప్పుడు అంటుంది, ఇన్ని నెలలూ కూడబెట్టిందంతా ఇప్పుడు అంటుంది అనుకుని అతను తల వంచుకున్నాడు.

ఆమె గొడుగు ముడిచి హ్యాండిలుకు తగిలించింది. ప్లగ్గు తొడుగు లాగి, లోపల తన రుమాలు దూర్చి తుడిచి, మళ్ళీ నొక్కింది. బండిని పల్లంవైపు తిప్పమని చెయ్యి చూపింది.

"సెకండ్ గేర్లో పెట్టి క్లచ్చు పట్టుకోండి. నేను తోసి, ఊఁ అన్నప్పుడు వదలండి."

"నీకివన్నీ ఎప్పుడు తెలిశాయి?"

"ఆ బాబాయి మీకు చెప్తుంటే నేనూ ఇంట్లోనే ఉన్నాగా. మీరు విన్లేదు, నేను విన్నాను. పట్టుకున్నారా?"

పట్టుకున్నాడు. ఆమె తోసింది. ఊఁ అంది. అతను వదిలాడు. బండి ఒక్క గుంజు గుంజి అందుకుంది. ఆమె నాలుగడుగులు పరుగెత్తి వెనక ఎక్కి కూర్చుంది. ఆ రోజు నీటిపన్ను ఆఫీసు కిటికీ పావుగంట ఆలస్యంగా తెరుచుకుంది. వరసలో నిలబడ్డవాళ్ళు గొణుగుతూ ముందుకొచ్చి, లోపల ఎడమచెంప మీద బొటనవేలంత నల్లటి గ్రీజు మచ్చతో కూర్చుని, రసీదు పుస్తకం సర్దుకుంటున్న గుమస్తా మొహం చూసి, ఎందుకో గొణుగుడు మానేశారు.